ఏ పూట కల్లు ఆ పూటదే

వైన్ సీసా చేతికిస్తే తెలిసినవాళ్లు ముందు ఏ సంవత్సరపు పంటో చూస్తారు. జీలుగు కల్లు ముంత చేతికిస్తే అడగాల్సింది ఏ పూట దించారని. పొద్దున్నే దించిన కల్లూ, మధ్యాహ్నానికి మిగిలిన కల్లూ, రాత్రి దాకా కుండలో ఉండిపోయిన కల్లూ ఒకే చెట్టువైనా మూడు వేరువేరు పానీయాలు. తీపి, మత్తు, పులుపు అన్నీ మారిపోతాయి. ద్రాక్ష సారాయాన్ని ఏళ్ల తరబడి నిలవబెట్టడం ఒక విద్య. గంటల్లో మారిపోయేదాన్ని సరిగ్గా కావలసిన గంటలో పట్టుకోవడం ఇంకో విద్య. మొదటి విద్య మీద గ్రంథాలయాలు నిండేన్ని పుస్తకాలున్నాయి. రెండోది మన కొండల్లో నోటిమాటగానే ఉండిపోయింది.

ఈ రెండో విద్యని అర్థం చేసుకోవడానికి నర్సీపట్నం మంచి చోటు. ఊరు మైదానానికి చివర, మన్యానికి మొదట ఉంది. కిందంతా తాడిచెట్లూ ఈతచెట్లూ. చింతపల్లి రోడ్డు పట్టుకుని డౌనూరు దాటి ఘాట్ ఎక్కితే, లంబసింగి దారిలో జీలుగు కనిపించడం మొదలవుతుంది. దూరం నుంచి చూసి తాడనుకోవచ్చు గానీ ఆకు దగ్గర తేడా తెలిసిపోతుంది. జీలుగు ఆకు చిన్నచిన్న తునకలుగా చీలి, ఒక్కో తునకా చేప తోకలా ఉంటుంది. వృక్షశాస్త్రంలో దాని పేరు కారియోటా యురెన్స్. పండు ముట్టుకుంటే దురద. పండు గుజ్జులోని ఆక్జలేట్ స్ఫటికాలు చర్మంలో గుచ్చుకోవడమే దానికి కారణం.

ఈ చెట్టు గురించి రాసిన పాత శాస్త్రవేత్తల్లో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, సామర్లకోటలో తోట వేసి, 1793లో కలకత్తా వెళ్లేదాకా ఈ ప్రాంతపు మొక్కల్ని చిత్రాలు గీయించి మరీ నమోదు చేశాడు. మంచి జీలుగు చెట్టు ఎండాకాలంలో రోజుకి నూరు పింట్లు, అంటే మన లెక్కలో సుమారు 50 లీటర్ల కల్లు ఇస్తుందని తనకు చెప్పారని రాసుకున్నాడు. చెప్పినవాళ్లు కొంచెం పెంచి చెప్పారేమో గానీ, తాడితో పోలిస్తే జీలుగు ధార ఎక్కువన్నది గీసేవాళ్లందరికీ తెలిసిన సంగతే. కాండంలోని గుజ్జు పిండి మంచి సగ్గుబియ్యానికి తీసిపోదనీ, కరువులో జనం దాంతో ప్రాణాలు నిలుపుకున్నారనీ కూడా రాశాడు. ఆయన తర్వాత నూటయాభై ఏళ్లకి, 1945లో వచ్చిన కొండరెడ్ల పుస్తకంలో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ కూడా ఈ చెట్టునే పట్టించుకున్నాడు. కల్లుకీ అదే, కరువుకీ అదే.

చెట్టు అంత నీరు ఎలా వదులుతుందన్నది ఆసక్తికరమైన విషయం. జీలుగు జీవితంలో ఒక్కసారే పూతకొస్తుంది. ఏళ్ల తరబడి కాండంలో పిండిని దాచుకుని, పెరగడం ఆగిపోయాక పైనుంచి కిందికి ఒక్కొక్క గెలే వేస్తూ వస్తుంది. అట్టడుగు గెల అయిపోయిందంటే చెట్టు పనీ అయిపోయినట్టే, ఎండిపోతుంది. పూతకొచ్చిన కాలంలో దాచుకున్న పిండంతా చక్కెరగా కరిగి గెలవైపు పరుగెడుతుంది. గెల కొనని కోస్తే ఆ ప్రవాహం బయటికొస్తుంది. కోసిన చోట రంధ్రాలు మూసుకుపోతాయి గనక రోజూ పొద్దునా సాయంత్రం పల్చటి పొర గీయాలి. మందంగా గీస్తే గెల తొందరగా అయిపోతుంది, మరీ పల్చగా గీస్తే ధార ఆగిపోతుంది. చెయ్యి తిరగడమంటే ఇక్కడ మిల్లీమీటర్ల లెక్క. అదీ వెదురుబొంగు నిచ్చెన మీద, నలభై యాభై అడుగుల ఎత్తున.

గెల నుంచి కారే నీరు అప్పటికి కల్లు కాదు. అది దాదాపు పూర్తిగా చక్కెర నీరు. నూటికి పది పన్నెండు పాళ్లు పంచదార జాతి చక్కెర, కొద్దిగా అమైనో ఆమ్లాలు, ఖనిజాలు, విటమిన్లు. పులుపు లేదు, ఆమ్లత్వాన్ని పీహెచ్‌లో కొలిస్తే 7 దగ్గర చూపిస్తుంది (ఈ కొలత తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). కుండకి లోపల సున్నం పూసి పట్టితే అలాగే నిలుస్తుంది. సున్నపు క్షారంలో సూక్ష్మజీవులు పనిచెయ్యలేవు. దాన్నే నీరా అంటున్నాం. సున్నం లేని కుండ అయితే, నిన్నటి కల్లు తడి అడుగున ఉంటుంది గనక, మొదటి చుక్క పడగానే పని మొదలవుతుంది.

ఆ కుండలో జరిగేది ఒకరి పని కాదు. ముందు లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా అందుకుంటుంది. పాలు పెరుగయ్యేటప్పుడు పనిచేసేవాటి బంధువులే ఇవి. వీటిలో ల్యూకొనాస్టాక్ అనేది చక్కెర అణువుల్ని గొలుసులుగా అల్లి కల్లుకి కొంచెం జిగురు తెస్తుంది. లేత కల్లు నాలుక మీద నీళ్లలా జారిపోకుండా కాస్త చిక్కగా తగలడంలో దీని వాటా ఉంది. పులుపు పెరిగేకొద్దీ ఈస్టుది పైచేయి అవుతుంది. బ్రెడ్డులోనూ బీరులోనూ వైన్‌లోనూ పనిచేసే ఈస్టే. దాంతోపాటు జైమోమోనాస్ మొబిలిస్ అనే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. దీన్ని 1920లలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ లిండ్నర్ మెక్సికోలో కలబంద లాంటి మొక్క నుంచి తీసే పుల్కే అనే పానీయంలో పట్టుకున్నాడు. చక్కెరని ఆల్కహాల్‌గా మార్చడంలో ఇది ఈస్టుకన్నా చురుకైనది. ఐరోపాలో బీరు కాచేవాళ్లకి మాత్రం ఇదంటే హడలు. అది చేరిన బీరు కుళ్లిన యాపిల్ వాసనా గంధకపు వాసనా కొడుతుంది. అక్కడ పీపాకి పట్టిన తెగులు, ఇక్కడ కుండకి పట్టిన అదృష్టం. కల్లు మూత తీయగానే ముక్కుకి తగిలే ఆ కోడిగుడ్డు ఛాయ వాసన వెనక దీని చెయ్యి ఉంది.

కాస్త లెక్క వేసి చూద్దాం. లీటరు నీరాలో 100 గ్రాముల చక్కెర ఉందనుకుంటే, అంతా పులిస్తే దాదాపు 50 గ్రాముల ఆల్కహాలూ, 50 గ్రాములకి కాస్త తక్కువగా కార్బన్ డయాక్సైడూ వస్తాయి. అంటే నూటికి ఆరు పాళ్ల మత్తు, మామూలు బీరు కన్నా కొంచెం ఎక్కువ. వాయువు మాత్రం గది వేడిలో 25 లీటర్ల పైమాటే. లంబసింగి చూడ్డానికొచ్చి, లేత కల్లు నచ్చి, కూల్‌డ్రింకు సీసాలో పోయించుకుని బిరడా గట్టిగా బిగించి కారులో పెట్టుకునేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. లీటరు సీసాలో 25 లీటర్ల గాలి పట్టదు.

ఒక రోజు గడిచేసరికి పీహెచ్ 4 కన్నా కిందికి దిగుతుంది. గాలి తగిలిన చోట అసిటోబ్యాక్టర్ చేరి ఆల్కహాల్‌ని తిని వెనిగర్‌లో ఉండే ఆమ్లంగా మారుస్తుంది. అక్కడితో తాగేవాళ్ల ఆట ముగిసి వంటింటి వాళ్ల ఆట మొదలు. గోవాలో కొబ్బరికల్లు వెనిగర్ లేకుండా విందాలూ కూర వండరు. మనవాళ్లు మాత్రం పులిసిపోయిన కల్లుని ఎందుకో పారబోస్తారు.

ఈ గడియారం అన్నిచోట్లా ఒకే వేగంతో నడవదు. అదే నర్సీపట్నం దారిలో గమనించాల్సిన విషయం. సూక్ష్మజీవుల పని వేగం, ఒక హద్దు దాకా, పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపవుతుంది. డిసెంబరులో లంబసింగిలో తెల్లవారుజామున చలి పది డిగ్రీల లోపే, ఒక్కోసారి సున్నాకి దగ్గర. ఆ చలిలో కుండ నిద్రపోతున్నట్టే. పొద్దెక్కినా తీపి నిలిచి ఉంటుంది, ఆల్కహాల్ తక్కువ, వాయువు సన్నగా నీటిలోనే కరిగి ఉంటుంది. ఆ కుండనే బస్సెక్కించి కిందికి తెస్తే మలుపు మలుపుకీ ముదురుతుంది. ఘాట్ దిగి నర్సీపట్నం అబీద్ సెంటర్‌కి చేరేసరికి చేతిలో ఉన్నది కొండమీద తాగిన పానీయం కాదు. అందుకే జీలుగు కల్లు బాగుండదని పట్నంలో తాగి చెప్పేవాళ్ల మాట నేను లెక్కలోకి తీసుకోను. వాళ్లు రుచి చూసింది జీలుగుని కాదు, ప్రయాణాన్ని.

మరి రుచి చూడ్డం ఎలా? ముందు కంటితో. నీరా పల్చగా, కాస్త మబ్బుగా ఉంటుంది. పాలలా తెల్లబడిందంటే ఆ తెలుపు కోట్లకొద్దీ ఈస్టు, బ్యాక్టీరియా కణాలది. ఎంత తెలుపో అంత ముందుకి నడిచిందని గుర్తు. జపానులో బియ్యంతో చేసే సాకేని పరీక్షించే తెల్ల పింగాణీ కప్పు అడుగున రెండు నీలి వలయాలు ఉంటాయి. ఆ నీలం అంచు ఎంత స్పష్టంగా కనిపిస్తే సాకే అంత తేటగా ఉన్నట్టు. మన అడ్డాకు దొప్పలో ఆ సదుపాయం లేదు గానీ, ఆకు ఈనెలు కల్లులోంచి కనిపిస్తున్నాయా లేదా అని చూస్తే చాలు. దొప్ప తన పచ్చివాసన కొంత కల్లుకి ఇస్తుందన్నది వేరే సంగతి. ఆనపకాయ బుర్రా అంతే. స్టీలు గ్లాసు ఏమీ ఇవ్వదు. పరీక్షకి గ్లాసు మేలు, ఆనందానికి దొప్ప మేలు.

తర్వాత ముక్కు. నాలుకకి తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా 1908లో జపాను రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెదా గుర్తించిన ఉమామి అనే మాంసపు రసం లాంటి రుచి. అంతే. మనం రుచి అని పొగిడేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. నమలడంలో, మింగడంలో వాసన అణువులు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతాయి. ముక్కు మూసుకుని ఒక గుక్క పుక్కిలించి, సగంలో ముక్కు వదిలిపెట్టండి. అప్పటిదాకా తియ్యటి పుల్లటి నీళ్లనిపించింది ఒక్కసారిగా కల్లవుతుంది. ముక్కులోపల దాదాపు 400 రకాల వాసన గ్రాహకాలు పనిచేస్తుంటాయి. వాటి జన్యువుల్ని 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది.

ఆ గ్రాహకాలకి కల్లులో ఏం తగులుతుంది? జీలుగు మీద కాదు గానీ, ఆఫ్రికా నూనె తాటి కల్లు మీద 2007లో వెలువడిన ఒక పరిశోధన దారి చూపిస్తుంది. అందులో బలంగా కనిపించినవి పండు వాసనిచ్చే రెండు ఎస్టర్లు, వెన్న వాసనిచ్చే అసిటోయిన్, మట్టివాసనిచ్చే ఒక పైరజీన్, ఇంకా 2-అసిటైల్-1-పైరొలీన్. ఈ చివరిదాన్ని పేరుతో ఎరగకపోయినా అందరూ ఎరుగుదురు. బాస్మతి అన్నం ఉడుకుతుంటే వచ్చే కమ్మటి వాసన అదే. ఆ ఎస్టర్లలో ఒకటి అరటిపండు వాసనకి మూలం, మంచి సాకేలో కూడా దాన్నే వెతుకుతారు. లేత జీలుగు కల్లుని కళ్లు మూసుకుని వాసన చూస్తే నాకు లేత కొబ్బరీ, మగ్గిన అరటీ, అడుగున కొంచెం పచ్చి తేగ తగులుతాయి. మీకు వేరేవి తగలవచ్చు. తగలాలి కూడా, గ్రాహకాల జన్యువులు మనిషికీ మనిషికీ కొంత తేడాగా ఉంటాయి.

చివర్న చురుకు. గ్యాసు పానీయాల్లో నాలుకని గిల్లేది బుడగ పగలడమేనని చాలామంది నమ్మకం. 2009లో వచ్చిన పరిశోధన వేరే చెప్పింది. పులుపుని పట్టే కణాల మీదున్న ఒక ఎంజైము కార్బన్ డయాక్సైడ్‌ని అక్కడికక్కడ ఆమ్లంగా మారుస్తుంది, మనకి తెలిసేది దాని ఫలితం. అంటే కల్లు చురుకులో కొంత భాగం రుచే.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. మన నోటిని నమ్మడం కష్టం. 2001లో బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. కళ్లు చెప్పింది ముక్కు విన్నది. 2008లో ఇంకో పరీక్షలో ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లదనీ ఒకసారి 90 డాలర్లదనీ చెప్పి ఇస్తే, ఎక్కువ ధర చెప్పినప్పుడే ఎక్కువ నచ్చింది. మెదడు స్కానింగులో ఆనందం తెలిసే భాగం కూడా అప్పుడే ఎక్కువ వెలిగింది. ఈ లెక్కన ముంతలో పోసిన కల్లుకి మొదటే మార్కులు తగ్గిపోతాయి, ధర చెప్పుకోవడానికి లేదుగా.

వైన్, సాకే, కల్లు మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ద్రాక్షలో చక్కెర సిద్ధంగా ఉంటుంది, కల్లులాగే. బియ్యంలో ఉండదు, పిండిగా ఉంటుంది. దాన్ని చక్కెర చెయ్యడానికి జపాను వాళ్లు ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజుని అన్నం మీద పెంచుతారు. అదే కోజి. కోజి చక్కెర చేస్తుండగానే అదే తొట్టిలో ఈస్టు దాన్ని ఆల్కహాల్ చేస్తుంది. ఒడిశా కొరాపుట్ వైపు చోళ్లతో పులియబెట్టే లండా కూడా పిండి నుంచి మొదలయ్యే ఈ కోవలోదే. వైన్, సాకే చేసేవాళ్లు ఒక దశలో పులియడాన్ని ఆపుతారు. సాకేని సుమారు 60 నుంచి 65 డిగ్రీలకి వేడిచేసి ఆపడం జపానులో 16వ శతాబ్దానికే ఉంది, పాశ్చర్ కన్నా మూడు వందల ఏళ్ల ముందు. అలా ఆపగలిగారు గనకే సీసాలో పెట్టారు, సీసాలో పెట్టారు గనకే సముద్రం దాటించారు, దాటించారు గనకే దాన్ని వర్ణించే మాటలు పుట్టాయి. కల్లుని వేడిచేసి ఆపొచ్చు. కానీ బతికున్న వాసనలు పోతాయి, బుడగలు పోతాయి, మిగిలేది తియ్యటి పుల్లటి తెల్లనీళ్లు.

ఆపడానికి ఇంకో దారి బట్టీ పెట్టడం. నర్సీపట్నం చుట్టుపక్కల వార్తల్లో బెల్లం ఊట ధ్వంసం అన్న మాట కనిపించని నెల ఉండదు. అనకాపల్లి బెల్లం దేశంలోనే పేరుమోసిన సరుకు. ఆ ఊటని కాచి తీసిన నాటుసారా, రసాయన శాస్త్రం దృష్టిలో రమ్ముకి దగ్గర చుట్టం. ఒకటి బెల్లంతో, ఒకటి ఎక్కువగా మొలాసిస్‌తో. ఇప్పపువ్వు సారాది ఇంకా ప్రత్యేకమైన వాసన. గోవా జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మధ్యప్రదేశ్ ఇప్పసారాని వారసత్వ పానీయంగా అమ్మే ఏర్పాటు చేసుకుంది. మన దగ్గర 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం తర్వాత 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ నిషేధం వెనకున్న కన్నీళ్లు నిజమైనవి. కనుక సారా గురించి రుచుల భాషలో మాట్లాడ్డానికి తెలుగునాట ఎవరికీ నోరు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒక్క విషయం మాత్రం సరిచెయ్యాలి. మనుషుల్ని చూపు పోగొట్టి చంపేసే మిథనాల్ చాలాసార్లు పులియడంలో పుట్టింది కాదు, లాభం కోసం కలిపిన పారిశ్రామిక స్పిరిట్. కల్లుదీ ఇలాంటి కథే. చెట్టు కల్లు చాలనిచోట క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలామ్ లాంటి మందులు కలుస్తాయి. గీసినవాడు కళ్లముందు దించిన కుండ తప్ప వేరే కుండ ముట్టకపోవడం ఉత్తమం. ఆ కుండకీ ఒక ప్రమాదం ఉంది. బంగ్లాదేశ్‌లో పచ్చి ఈత నీరు తాగినవాళ్లకి నిపా వైరస్ సోకింది, గబ్బిలాలు రాత్రిపూట ధారని నాకడం వల్ల. గీసిన చోటుకీ కుండమూతికీ వెదురు తడక కట్టడం అక్కడ నేర్పుతున్నారు. ఆల్కహాల్ తనంతట తాను క్యాన్సర్ కారకమన్నది కూడా తేలిపోయిన సంగతి. వృత్తిగా రుచి చూసేవాళ్లు పుక్కిలించి ఉమ్మేస్తారు.

కల్లుకి మాటలు పుట్టకపోవడానికి అది ఆగకుండా మారిపోవడం ఒక కారణమైతే, ప్రభుత్వం రెండోది. ప్రభుత్వానికి అది ఎప్పుడూ పానీయంగా కనిపించలేదు, పన్నుగానే కనిపించింది. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా చిగురు పన్ను వేసి, వసూలు హక్కుని గుత్తేదార్లకి ఇవ్వడం 1879 మార్చిలో రేగిన రంప తిరుగుబాటుకి ముఖ్య కారణం. అది గొలుగొండ కొండలకీ పాకింది. ఆ గొలుగొండ తాలూకాకి కచేరీ ఊరు నర్సీపట్నమే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో పోరు మొదలుపెట్టిన అల్లూరి సీతారామరాజు, కొండవాళ్లని తాగుడు మానమన్నాడు. ఒక తరం కల్లు గీసుకునే హక్కు కోసం తిరగబడింది, తర్వాతి తరం నాయకుడు అది వదిలెయ్యమన్నాడు. రెండింటికీ వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి.

ఇదే మన్యపు కాఫీకి మాత్రం మాటలు పుట్టాయి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందే 2017లో పారిస్‌లో దాని పేరుతో కొట్టు తెరిచారు. ఆ కొండల గింజలో నిమ్మజాతి పులుపెంత, పూల వాసన ఎంత అని కప్పులు వరసగా పెట్టి చెంచాతో జుర్రి మార్కులు వేసేవాళ్లున్నారు. కాఫీ గింజ ఎండబెడితే ఆగుతుంది, అంతే తేడా. జీలుగుకి అలాంటి పరీక్ష పెట్టాలంటే మార్కులు వేసేవాళ్లే ఘాట్ ఎక్కి చెట్టు దగ్గరికి రావాలి. గంటగంటకీ ఒక దొప్ప వాసన చూసి, పొద్దున ఆరింటికి ఇది, పదింటికి ఇది అని రాయాలి. ఏ మిట్ట చెట్టు, ఎన్నో గెల, ఎంత చలి అన్నవి కూడా. గీసేవాళ్లకి ఇవన్నీ తెలుసు. తొలిగెల కల్లుకీ కడగెల కల్లుకీ తేడా వాళ్లని అడిగితే నిమిషంలో చెబుతారు, రాసుకున్నవాళ్లే లేరు.

రాసుకోవడానికి తొందర కూడా ఉంది. జీలుగుని తోటగా వేసేవాళ్లు తక్కువ. పండ్లు తిన్న పునుగు పిల్లులు అడవిలో గింజలు పారేస్తే మొలవాలి. మొలిచిన మొక్క గెల వెయ్యడానికి పది పదిహేనేళ్లు, ఆపైన కొన్నేళ్లు గీత, అంతటితో చెట్టు సరి. అడవి పల్చబడిన చోట ఒక చెట్టు ఎండితే దాని స్థానంలోకి ఇంకోటి వచ్చేదాకా ఆ మిట్ట కల్లు ఉండదు.